పదమూడు మంది, ఒక గది, ఒకే ట్రాక్: నా అనుభవం

జనవరిలో నేను, వాద్యకారులందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి అరవైల నాటి పద్ధతిలో ఒక పాట రికార్డు చేసే ఈ పని మొదలుపెట్టినప్పుడు ఎంత ఖర్చవుతుందో, ఎన్నాళ్ళు పడుతుందో, ఎక్కడ దెబ్బ తింటామో చెప్పేవాళ్ళు నాకు ఒక్కరూ దొరకలేదు. ఇంకెవరైనా ఇదే దారిలో దిగితే వాళ్ళకి ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను లాస్ ఏంజలస్‌లో ఉంటాను. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, వారంలో మూడు సాయంత్రాలు కమ్యూనిటీ కాలేజీలో రికార్డింగ్ కోర్సు. చివరి సెమిస్టర్ ప్రాజెక్టు ఏంటంటే, ఏదో ఒక పాత రికార్డింగ్ పద్ధతి తీసుకుని, ఆ పద్ధతిలోనే ఒక కొత్త పాట చెయ్యాలి. 2024 జనవరి 22న, సోమవారం క్లాసులో, నేను అరవైల నాటి అమెరికన్ రికార్డు నిర్మాత ఫిల్ స్పెక్టర్ పద్ధతి 'వాల్ ఆఫ్ సౌండ్' అని చెప్పాను, అంటే చాలా వాయిద్యాలు కలిసి ఒకే గోడలా వినిపించే శబ్దం.

క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఒక అమ్మాయి చెయ్యెత్తి, వేరే ఎవరూ దొరకలేదా అని సూటిగా అడిగింది. నాకు కోపం రాలేదు. 2003 ఫిబ్రవరి 3న అల్హాంబ్రాలో స్పెక్టర్ ఇంట్లో లానా క్లార్క్‌సన్ అనే నటి తుపాకీ గుండు తగిలి చనిపోయింది, ఆమెకి నలభై ఏళ్ళు. 2007లో మొదటి విచారణలో జ్యూరీ ఒక నిర్ణయానికి రాలేకపోయింది, 2009లో రెండో విచారణలో హత్యానేరం రుజువై పందొమ్మిదేళ్ళ నుంచి యావజ్జీవం వరకూ అని శిక్ష పడింది, 2021 జనవరిలో ఖైదీగానే చనిపోయాడు. అల్హాంబ్రా మా ఇంటికి ఇరవై నిమిషాల దూరం. ఈ ఊళ్ళో ఆ పేరు ఎత్తితే ముందు గుర్తొచ్చేది పాటలు కాదు, ఆమే. గుర్తు రావాలి కూడా.

మరి ఎందుకు తీసుకున్నానంటే, స్పెక్టర్ చేసిన 'బీ మై బేబీ' పాట మొదలయ్యే ఆ డ్రమ్ దెబ్బ నేను కాలేజీ రోజుల్లో విజయవాడలో ఒక ఫ్రెండు రూములో మొదటిసారి విన్నాను. 1963లో చేసిన రికార్డు. అందులో ఏ వాయిద్యం ఎక్కడుందో విడదీసి చెప్పలేకపోవడం నన్ను పదేళ్ళుగా వదల్లేదు. ఇన్ని ప్లగిన్లు (శబ్దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్లు), ఒక్కో వాయిద్యాన్నీ విడిగా ఎక్కించుకునే ఇన్ని ట్రాకులు ఉన్న ఈ రోజుల్లో కూడా అది ఎలా చేశారో చెవికి అందట్లేదు. చేతులతో చేసి చూస్తేగానీ తెలియదు అనిపించింది. టీచర్ ఒప్పుకున్నారు, ఒక షరతు మీద: ఆ శబ్దాన్ని ఎవరెవరు తయారుచేశారో అందరి సంగతీ రిపోర్టులో రాయాలి, ఒక్కడి సంగతి కాదు.

ఆ వారాంతం హాలీవుడ్ వెళ్ళి, స్పెక్టర్ ఆ పాటలు రికార్డు చేసిన గోల్డ్ స్టార్ స్టూడియో ఉన్న చోటు చూశాను. శాంటా మోనికా బులవార్డ్, వైన్ స్ట్రీట్ కలిసే మూల. డేవ్ గోల్డ్, స్టాన్ రాస్ 1950లో పెట్టిన స్టూడియో, 1984లో మూతపడింది, తర్వాత భవనం తగలబడిపోయింది. ఇప్పుడక్కడ వరసగా దుకాణాలు. కారు ఆపుకుని పది నిమిషాలు కూర్చున్నాను. ఆ నేల కింద కాంక్రీటు ముక్కయినా మిగిలి ఉండదు. డేవ్ గోల్డ్ ప్రతిధ్వని కోసం కట్టిన ఎకో ఛాంబర్లు, సిమెంటు పూత పూసిన ఆ గదులు, చిన్న కిటికీ అంత తలుపులోంచి దూరి లోపలికి వెళ్ళేవాళ్ళట. ఆ గదుల గొంతు ప్రపంచమంతా విన్నది, గదులు లేవు.

ఇక అసలు పని. ఈ పద్ధతి కాగితం మీద చాలా తేలిక. ఒకే గదిలో పన్నెండు పదిహేను మందిని కూర్చోబెట్టి, ఒకే పాటని ముగ్గురు గిటారిస్టులు, ఇద్దరు ముగ్గురు పియానో వాళ్ళు ఒకేసారి ఒకటే వాయిస్తే, ఆ మొత్తం శబ్దాన్ని ఎకో ఛాంబర్లోకి పంపి, తిరిగొచ్చినదాన్ని కలిపి మోనోలో, అంటే అంతా ఒకే ట్రాకుగా, టేపు మీదకి ఎక్కించడం. అంతే. నా బడ్జెట్ 1,800 డాలర్లు అనుకున్నాను.

మొదటి దెబ్బ స్టూడియో దగ్గరే. ఫిబ్రవరి మొదటి రెండు వారాల్లో తొమ్మిది స్టూడియోలకి ఫోన్ చేశాను. ఇప్పటి స్టూడియోల్లో ఎక్కువ భాగం ఒక పెద్ద కంట్రోల్ రూము, గొంతు రికార్డు చెయ్యడానికి ఒక చిన్న వోకల్ బూత్. పదమూడు మంది పట్టే గదే లేదు, ఎందుకంటే పదమూడు మంది ఒకేసారి వాయించే అవసరమే ఎవరికీ లేదు. 'ఒక్కొక్కళ్ళని విడిగా తీసుకో, తర్వాత కలుపుకో, సగం ఖర్చులో అయిపోతుంది' అని ఐదుగురు సలహా ఇచ్చారు. చివరికి నార్త్ హాలీవుడ్‌లో ఒక పాత స్టూడియో దొరికింది, గంటకి 85 డాలర్లు, గది ఇరవై ఆరడుగులు ఇంటూ ఇరవై, పనిచేసే పావు అంగుళం రెండు ట్రాకుల టేప్ మెషీన్ ఉంది. ఖాళీ మాత్రం ఏప్రిల్ 6న. అంటే దాదాపు ఏడు వారాలు ఆగాలి.

ఆ ఏడు వారాలు మంచికే వచ్చాయి. పాట రాయించుకున్నాను, తెలుగు పాటే, రెండు నిమిషాల ముప్పై ఐదు సెకన్లు. పాడటానికి ఇర్వైన్‌లో పిల్లలకి సంగీతం నేర్పే ఒక అక్కని అడిగాను. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. "ఆ మనిషి భార్యని ఇంట్లో బంధించి పెట్టాడటగా?" అంది. అవును, 'బీ మై బేబీ' పాడిన రోనీ స్పెక్టర్ తన ఆత్మకథలో అదంతా రాసుకుంది, 1972లో కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా ఆ ఇంట్లోంచి బయటపడింది. నేను దాచకుండా అన్నీ చెప్పాను. రెండు రోజుల తర్వాత అక్క ఫోన్ చేసి, "ఆ గొంతు రోనీదే కదా, ఆ అమ్మాయి కోసం పాడతాను" అంది.

మా పెద్ద మామయ్యకి కూడా ఫోన్ చేశాను. ఆయన తెనాలిలో ఉంటారు. డెబ్బైల్లో, ఎనభైల్లో మద్రాసులో సినిమా ఆర్కెస్ట్రాల్లో వయొలిన్ వాయించారు. నేను ఏదో పెద్ద వింత చెప్పబోతున్నట్టు మొదలుపెడితే, ఆయన మధ్యలోనే అందుకుని, "ఒరేయ్, మేం చేసిందీ అదేరా. అందరం ఒకే హాల్లో, పాడేవాళ్ళు కూడా అక్కడే. ఆఖరి చరణంలో ఒకడు తప్పు వాయిస్తే మళ్ళీ పల్లవి నుంచి. తప్పు చేసినవాడి మొహం చూడలేకపోయేవాళ్ళం" అన్నారు. తర్వాత ఒక మాట చెప్పారు, అది నాకు మొత్తం ప్రాజెక్టులో పనికొచ్చిన మాట: "బ్యాలెన్సు మిషను దగ్గర కాదు, కుర్చీల దగ్గర చూసుకో."

ఏప్రిల్ 6, శనివారం. ఉదయం తొమ్మిదిన్నరకి మొదలు. ఎవరూ చెప్పని మొదటి సంగతి పార్కింగ్. పదమూడు మంది, దాదాపు పదమూడు కార్లు, స్టూడియోకి ఉన్నవి నాలుగు స్థలాలు. డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది) మోసుకుని ఒకతను మూడు వీధులు నడిచి వచ్చాడు, చెమటలు కారుతూ. అరగంట అక్కడే పోయింది.

మొత్తం జట్టు ఇదీ: డ్రమ్స్ ఒకరు, బేస్ ఇద్దరు (ఒకటి నిలువు బేస్, ఒకటి ఎలక్ట్రిక్), మామూలు గిటార్లు ముగ్గురు, ఎలక్ట్రిక్ గిటార్ ఒకరు, పియానో ఒకరు, ఎలక్ట్రిక్ పియానో ఒకరు, శాక్సఫోన్లు ఇద్దరు, చిడతల్లాంటి కాస్టనెట్లూ టాంబరిన్‌లూ ఇద్దరు. వీళ్ళలో ఆరుగురు నా క్లాసువాళ్ళు, డబ్బు వద్దన్నారు. మిగతా ఏడుగురికి మనిషికి 150 డాలర్లు.

గోల్డ్ స్టార్‌లో ఇంజనీర్ లారీ లెవీన్ చెప్పిన వరసే పాటించాం. ముందు గిటార్లు మాత్రమే, మళ్ళీ మళ్ళీ అవే బార్లు, అంటే తాళం ఆవర్తాలు. తర్వాత పియానోలు, తర్వాత బేస్, తర్వాత హార్న్స్ (మాకైతే శాక్సఫోన్లు), అన్నిటికంటే చివర డ్రమ్స్. పదకొండింటికి గిటార్లు మొదలైతే డ్రమ్స్ కలిసేసరికి ఒంటిగంటా పది. అప్పటికే గిటార్ వాళ్ళ వేళ్ళు ఎర్రగా కందిపోయాయి. డ్రమ్స్ కలిసిన మరుక్షణం అంతా మునిగిపోయింది. ప్రతి మైకులోనూ డ్రమ్సే. నేను అలవాటుగా శబ్దం పెంచి తగ్గించే ఫేడర్ల మీద చెయ్యి వేశాను, ఏది దించినా మొత్తం మారిపోతోంది, ఎందుకంటే గిటార్ మైకు దించితే దాంతోపాటు సగం డ్రమ్స్, పావు పియానో కూడా పోతున్నాయి. ఇన్నేళ్ళూ ఒక్కో వాయిద్యాన్నీ విడివిడిగా పట్టుకుని సరిచెయ్యడం నేర్చుకున్న నాకు ఆ క్షణం నిజంగా చేతులు కట్టేసినట్టయింది. కడుపులో టెన్షన్.

అప్పుడు మామయ్య మాట గుర్తొచ్చింది. కన్సోల్ వదిలేసి గదిలోకి వెళ్ళాను. డ్రమ్స్ మూలకి జరిపాం. శాక్సఫోన్ల వాళ్ళని గోడవైపు తిప్పాం. ఒక గిటారతన్ని రెండడుగులు ముందుకి, ఇంకొకతన్ని పియానో పక్కకి. డ్రమ్మర్ని సింబల్స్ (డ్రమ్స్ పైనుండే లోహపు పళ్ళాలు) ముట్టుకోవద్దన్నాం. నలభై నిమిషాలు కుర్చీలు జరపడమే, మధ్యలో పరిగెత్తి వెళ్ళి వినడం. ఇంకో సంగతి, ఎలక్ట్రిక్ గిటార్ మైకు పూర్తిగా మూసేశాం. 1962లో ఒక సెషన్లో శబ్దం ఎక్కువై మీటర్లన్నీ ఎర్రగీత దాటుతుంటే లెవీన్ మైకులన్నీ దించేసి ఒక్కొక్కటే పైకి తెచ్చాడనీ, ఒక గిటార్ మైకు ఇంకా తెరవకముందే స్పెక్టర్ రికార్డు చెయ్యమన్నాడనీ చదివాను, అది నమ్మి చేసి చూశాను. పక్కవాళ్ళ మైకుల్లోంచి వచ్చే గిటారు ఎక్కడో గది అవతల నుంచి వచ్చినట్టు ఉంది. ఒళ్ళు జలదరించింది.

ఎకో ఛాంబర్ కోసం స్టూడియో వెనక ఉన్న కాంక్రీటు స్టోర్ రూము ఖాళీ చేయించుకున్నాం. ఒక మూలకి మొహం పెట్టి స్పీకరు, అవతలి మూల మైకు. శబ్దం బాగా వచ్చింది, అయితే గోడలో నీళ్ళ పైపు ఉంది. పై అంతస్తులో ఎవరు కుళాయి తిప్పినా పాటలో జలజలా. పైన ఉన్న ఆఫీసుకి వెళ్ళి బతిమాలి, టేకు తీసేముందు వాళ్ళకి మెసేజ్ పెట్టే ఏర్పాటు చేసుకున్నాం. ఇక్కడ గమనించాల్సింది, ఆ ఎకో అప్పటికప్పుడే టేపు మీదకి ఎక్కిపోతుంది. తర్వాత ఎక్కువైందనుకుంటే తీసేసే దారి లేదు. బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ 1970లో స్పెక్టర్‌తో కలిసి చేసిన ఆల్బమ్ గురించి, ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ విడుదల చేస్తూ, ఆ పాటల్ని అంత పెద్ద హంగు నుంచి విడిపించాలనిపిస్తోందని రాసుకున్నాడు. అది వాయిద్యాలు వేర్వేరు ట్రాకుల్లో ఉన్న మల్టీట్రాక్ కాబట్టి 2021లో కొత్తగా మిక్స్ చేసి కొంతైనా తేలికపరచగలిగారు. నా దగ్గర వాయిద్యాలన్నీ ఒకే ట్రాకు. ఆ భయం రోజంతా ఉంది.

రెండూ నలభైకి టేకులు మొదలయ్యాయి. ఏసీ శబ్దం మైకుల్లోకి వస్తోందని ఆపేశాం, గది కొలిమిలా అయింది. టేపు గురించి కూడా చెప్పాలి: పదిన్నర అంగుళాల రీలు, సెకనుకి పదిహేను అంగుళాల వేగంతో ముప్పై మూడు నిమిషాలే వస్తుంది. మధ్యలో ఆగిపోయినవి, వృథాగా తిరిగినవి పోగా రీలుకి పది పదకొండు టేకులు. నేను కొన్నది రెండు రీళ్ళు, ఒకటి 80 డాలర్లు, అందులో ఒకటి పక్కన పెట్టాను, అక్క గొంతు సెషన్లో ఏదైనా అయితే ఉంటుందని. పదకొండో టేకు చాలా బాగా వచ్చింది, రీలు అయిపోయింది. ఇప్పుడు ఇంకా చెయ్యాలంటే రెండో రీలు విప్పాలి, లేదా పాత టేకులు చెరిపి వాటి మీదే ఎక్కించాలి. కంప్యూటర్లో పనిచేసే మనకి ఏదీ చెరపాల్సిన అవసరం రాదు, ఐదు వందల టేకులు దాచుకోవచ్చు. అక్కడ మాత్రం పదమూడు మంది నా మొహం చూస్తున్నారు. మొదటి తొమ్మిదీ చెరిపేయమన్నాను. ఆ మాట అనడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది.

ఇక మనసులో ఇంకా కదిలే సంగతి. స్పెక్టర్ వాద్యకారుల్ని గంటల తరబడి వాయింపజేసి, అలిసిపోయి ఎవరి గొప్ప వాళ్ళు చూపించుకునే ఓపిక లేకుండా పోయాకే రికార్డు చేసేవాడని చెబుతారు. నేను అది క్రూరత్వం అనుకున్నాను, మా సెషన్లో అలా జరగకూడదని గంటకోసారి విరామం పెట్టాను. అయినా పదిహేడో టేకు దగ్గర, సాయంత్రం ఐదవుతుండగా, అందరూ నిజంగా అలిసిపోయి ఉన్నప్పుడు, ముగ్గురు గిటార్ల వాళ్ళూ ఒక్క పెద్ద వాయిద్యంగా కలిసిపోయారు. నేను పదేళ్ళ కిందట విజయవాడ రూములో విన్నది అదే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదే సమయంలో భయం వేసింది, ఎందుకంటే అలసట పనిచేస్తుందన్నది నిజమే అని తేలింది. కాకపోతే మా వాళ్ళు ఉండిపోయింది భయపడి కాదు. పదహారో టేకు అయ్యాక, వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళొచ్చని అడిగాను, ఎవరూ లేవలేదు. కాస్టనెట్లు వాయించే పెద్దాయన, 'ఇంకొక్కటి చూద్దాం' అని తనే అన్నాడు. ఈ తేడా టేపు మీద వినపడదు. గదిలో ఉన్నవాళ్ళకి తెలుసు.

నిర్ణయించిన సమయం కంటే గంటన్నర ఎక్కువైంది.

ఏప్రిల్ 20న గొంతు. రెండో ట్రాకు మీద. అక్క మొదటి నాలుగు టేకులు హాయిగా పాడింది. నాలుగోది అద్భుతం. కానీ నాకేదో తృప్తి లేదు. 'ఇంకోసారి అక్కా' అన్నాను. మళ్ళీ, మళ్ళీ. తొమ్మిదోది అయ్యాక అక్క హెడ్‌ఫోన్స్ తీసి స్టాండు మీద పెట్టి, గాజు అవతల నుంచి నన్ను చూసి, "ఏం మార్చాలో చెప్పు. చెప్పలేనప్పుడు ఇంకోసారి అనకు" అంది. గట్టిగా కూడా అనలేదు. నేను చెప్పలేకపోయాను, ఎందుకంటే మార్చాల్సింది ఏమీ లేదు. గాజుకి ఇవతల కూర్చుని ఇంకోసారి అనడం ఎంత తేలికో, ఆ కుర్చీ మనిషి చేత ఏం చేయిస్తుందో నాకు ఆరోజు తెలిసింది. సిగ్గేసింది. లోపలికి వెళ్ళి క్షమించమని అడిగాను. నాలుగో టేకే ఉంచాం.

ఆ రాత్రి ఇంటికొచ్చి క్రెడిట్ల సంగతి ఆలోచించాను. 1962లో స్పెక్టర్ చేసిన 'హీ ఈజ్ ఎ రెబెల్' పాట అమెరికాలో నంబర్ వన్ అయింది. పాడింది డార్లీన్ లవ్, రికార్డు మీద వేసింది క్రిస్టల్స్ అనే వేరే బృందం పేరు. డ్రమ్స్ హాల్ బ్లేన్, అరేంజ్‌మెంట్లు జాక్ నిట్షే, బేస్ రే పోల్‌మన్, గదులు డేవ్ గోల్డ్, మీటర్ల దగ్గర లెవీన్, ఇంతమంది చేతుల్లోంచి వచ్చిన శబ్దానికి ఒక్కడి పేరే అతుక్కుపోయింది. ఆ శబ్దాన్ని ప్రేమించాలంటే హంతకుణ్ణి క్షమించాలేమో అని జనవరి నుంచీ నలిగిపోయాను. గదిలో పదమూడు మందిని కూర్చోబెట్టాక ఆ ప్రశ్న నాకు కరిగిపోయింది. అతని చెవి గొప్పదే, కాదనను. కానీ ఆ గోడ అతను ఒక్కడు కట్టింది కాదు, అతని నేరాన్ని ఆ గోడతో కప్పక్కర్లేదు, అతని నేరం కోసం ఆ గోడ కట్టినవాళ్ళని మరిచిపోనూ అక్కర్లేదు.

పోలిక కోసం మే మొదటి వారంలో అదే పాటని కంప్యూటర్లో కూడా చేశాను. గిటారతన్ని ఒక్కడినే మూడుసార్లు వాయింపజేసి, తాళం తప్పకుండా క్లిక్ పెట్టి, ఎకోకి ప్లగిన్ వేసి. మూడు సాయంత్రాలు, ఖర్చు దాదాపు సున్నా. శుభ్రంగా ఉంది. ప్రతి వాయిద్యం ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు. నాకు వద్దనిపించింది అదే. అయినా రోజూ చేసే పనికి ఎవరైనా అడిగితే ఈ పద్ధతే చెబుతాను, డబ్బు లెక్క చూస్తే వేరే మాట లేదు.

ఆ లెక్క ఇదీ. రెండు సెషన్లకీ స్టూడియో అద్దె, ఎక్కువైన గంటన్నర కలిపి 1,147 డాలర్ల 50 సెంట్లు. వాద్యకారులకి 1,050, ఓవర్‌టైమ్ 350. అక్కకి 300, ఆవిడ వద్దన్నా ఇచ్చాను. టేపు 160. మెషీన్ సరిచేసిన టెక్నీషియన్‌కి 120. పియానో ట్యూనింగ్ 175, ఇది స్టూడియో అద్దెలో కలిసి ఉంటుందనుకున్నాను, ఉండదట, ముందే అడగండి. భోజనాలు 210. మొత్తం 3,512 డాలర్ల 50 సెంట్లు. అనుకున్నదానికి దాదాపు రెట్టింపు, క్రెడిట్ కార్డు మీద ఇంకా తీరుస్తున్నాను.

మే 14న క్లాసులో వినిపించాను. జనవరిలో చెయ్యెత్తిన అమ్మాయి రెండుసార్లు విని, డ్రమ్మర్ ఎవరని అడిగింది. రిపోర్టులో మొదటి పేజీ నిండా పేర్లే ఉన్నాయి, నీళ్ళ కుళాయి ఆపిన పై ఆఫీసువాళ్ళతో సహా.

పాట మామయ్యకి వాట్సాప్‌లో పంపాను. తెనాలిలో అప్పుడు తెల్లవారుజాము. గంట తర్వాత ఫోన్ చేశారు. బాగుందనీ బాగోలేదనీ అనలేదు. "రెండో చరణం ఎత్తుకునే చోట గిటార్లలో ఒకడు పిసరంత వెనకపడ్డాడు, ఎవరురా వాడు?" అన్నారు. మూడు గిటార్లూ ఒకటైపోయాయని నేను ఇన్నాళ్ళూ సంబరపడుతున్న చోటది. మళ్ళీ విన్నాను. నిజమే, పియానో పక్కకి జరిపిన అబ్బాయి. మామయ్యకి ఆ అబ్బాయి పేరు చెప్పాను. ఆయన ఒకసారి పలికి చూసుకుని, సరిగ్గానే అన్నానా అని అడిగారు.